మత్స్యగుండము - శిబి త్రాసు

లోకరక్షణార్థమై భగవంతుడు మొట్టమొదట ధరించిన రూపము చేప. దశావతారములను నిత్యము వల్లించు మనము ఈ సంగతి కడ ఆగి ఆలోచించుట అరుదు. స్తంభమును చీల్చుకొని వచ్చినవాడు, భూమిని కోరపై నిలిపినవాడు, మొదట దోసెడు నీళ్లలో ఇమిడిన చేపపిల్లయై వచ్చి తన్ను కాపాడుమని యడిగెను. రక్షకుడు రక్షణము యాచించుటతో అవతారకథ మొదలైనది.

సత్యవ్రతుడను రాజు కృతమాలా నదిలో తర్పణము విడుచుచుండగా ఆ చేపపిల్ల దోసిటిలోనికి వచ్చినట్లు భాగవతము అష్టమస్కంధము చెప్పుచున్నది. రాజు దానిని తిరిగి ఏటిలో వదలబోగా, పెద్ద చేపలు తన్ను మ్రింగివేయునని అది మొరపెట్టుకొన్నది. అంతట ఆయన దానిని కమండలువులో ఉంచుకొని ఇంటికి పోయెను. తెల్లవారునప్పటికి కమండలువు చాలలేదు. గంగాళము చాలలేదు, మడుగు చాలలేదు, సరస్సు చాలలేదు. తుదకు సముద్రమునకు కొనిపోవలసి వచ్చెను. శతపథ బ్రాహ్మణములోని మనువు కథయు ఇట్టిదే. అందు చేప ముందుగనే ఒక ఒడంబడిక చేసికొన్నది: చిన్నతనమున నీవు నన్ను కాపాడినచో, జలప్రళయమున నేను నిన్ను కాపాడుదునని. ఈ కథలో పండితులు ప్రళయమును గూర్చియు, ఓడను గూర్చియు విశేషముగా చెప్పుదురు. నాకు మాత్రము రాజుయొక్క ఓపికయే మిక్కిలి గొప్పగా తోచును. ఒక్కసారి దయ చూపి చేతులు కడుగుకొనుటతో ఆయన పని తీరలేదు. పాత్ర చాలనప్పుడెల్ల ఇంకొక పాత్ర వెదకుచు పోయెను.

మన అనకాపల్లి సీమకు ఈ మత్స్యము పురాణములోని దూరపు ముచ్చట కాదు. వడ్డాది రాజధానిగా ఈ ప్రాంతము నేలిన ప్రభువులు తమది మత్స్యవంశమని చెప్పుకొనిరి. 1269 నాటి దిబ్బిడ తామ్రశాసనము, శాపవశమున చేపయైన ఒక అప్సరస గర్భమున ఆ వంశకర్త జన్మించినట్లు వర్ణించుచున్నది. తరువాతి కాలమున మాడుగుల జమీందారులును ఆ వంశమునే చెప్పుకొని, చేప ఆకారముగల రాతి గద్దెపై పట్టాభిషేకము చేసికొనుచు, పతాకముపై చేపను ధరించుచు, చేప బొమ్మనే సంతకముగా గీయుచుండిరి. చేపను వారు పూజించిరి. తమ ఏలుబడిలోని ఒక మడుగున దానిని కాపాడిరి కూడ.

ఆ మడుగు పేరు మత్స్యగుండము. హుకుంపేట మండలమున మఠము గ్రామము చెంత మాచ్‌ఖండ్ ఏటిలో కలదు. 1907లో ఫ్రాన్సిస్ అను ఆంగ్లేయాధికారి సంతరించిన విశాఖపట్టణము జిల్లా గెజెటీరులో దాని వర్ణన ఉన్నది. ఏటికి అడ్డముగా ఒక రాతికట్టు. నీరు దాని క్రింది బిలములో దూరి మాయమై, సుమారు నూరు గజముల దిగువన మరల వెలికి వచ్చును. అచ్చటి మడుగు నిండ పెద్ద పొలుసుల మహసీరు చేపలు. అవి మనుష్యుని చేతిలోని మేతను జంకులేక తినుననియు, వీపు నిమిరినను బెదరవనియు ఆయన వ్రాసెను. సరకుల ఎద్దులను తోలుకొనిపోవు వర్తకుడొకడు వానిలో ఒక దానిని పట్టి కూర వండుకొనగా, మత్స్యరాజు శపించుటచే ఎద్దులతో కూడ రాయియైపోయెనను కథ కూడ అచ్చట చెప్పుకొందురు. ఆనాడు అచ్చటిది చిన్న గడ్డికప్పు గుడి. పూజారి బగత తెగవాడు. శివరాత్రినాడు చేపలకు మేత వేయుటయే పూజలో ఒక భాగము. మత్స్యలింగేశ్వరుని పేర ఆ యుత్సవము నేటికిని జరుగుచున్నది. ఆంగ్లేయాధికారి ఇది మూఢభయము అని తేల్చివేసెను. ఆ భయమే లేకున్న ఆయన చూచి మురియుటకు చేపలుండెడివా అని మాత్రము ఆలోచించినట్లు లేదు.

మాడుగుల కొండలలో పుట్టిన మాచ్‌ఖండ్ ఏరు సీలేరై, శబరిలో కలిసి, గోదావరిని చేరును. ఆ కొండలలోనే పుట్టిన శారద ఈవలి వైపునకు దిగి, మన అనకాపల్లి ప్రక్కగా పారి, సముద్రమున కలియును. 2022 ఏప్రిల్ 4న ప్రభుత్వము మన్యమును అల్లూరి సీతారామరాజు జిల్లాగను, మైదానమును అనకాపల్లి జిల్లాగను విడదీసినది. కాగితముపై కొండ వేరు, పల్లము వేరు అయినవి గాని నీటికి ఆ సంగతి తెలియదు.

ఇక ప్రస్తుత ప్రశ్నకు వచ్చెదను. ఈ తూర్పు కనుమల శిఖరములపై బాక్సైటు ఖనిజము విస్తారముగా కలదని 1970 దశకమున భూగర్భ శాస్త్రజ్ఞులు నిర్ధారించిరి. గాలికొండ, రక్తకొండ, చిత్తంగొంది, జెర్రెల, సప్పర్ల మొదలగు కొండల పేర్లు నాటినుండి ప్రభుత్వ పత్రములకెక్కినవి. బాక్సైటునుండి అల్యూమినియము వచ్చును. ఒక టన్ను లోహమునకు నాలుగైదు టన్నుల ఖనిజమును, సుమారు 14,000 యూనిట్ల విద్యుత్తును కావలెను. ఖనిజము కొండ కడుపులో దాగి యుండదు. తలపై టోపీవలె పరచుకొని యుండును. కనుక దానిని తీయుటయనగా కొండ తలను ఒలుచుటయే. ఆ పొర గుల్లగా ఉండుటచే వాననీటిని పీల్చుకొని, వేసవిలో సైతము ఊటలుగా మెల్లమెల్లగా విడుచును. మన్యపు గెడ్డలు ఏడాది పొడుగున పారుటకు అదియు ఒక కారణము. మత్స్యగుండము మీదనే గని త్రవ్వుదురని ఎవరును అనలేదు. ఆ మాట నేనును అనుట లేదు. అయినను గెడ్డలు సన్నగిల్లినచో ఏరు సన్నగిల్లును. ఏరు సన్నగిల్లినచో ఎగువకు పోయి గ్రుడ్లు పెట్టవలసిన చేపకు దారి ఉండదు.

త్రవ్వుటతోనే ముగియదు. ఖనిజమును శుద్ధి చేసిన పిమ్మట క్షారముతో నిండిన ఎర్రని బురద మిగులును. దానిని కట్టలు కట్టి తరతరములు నిలువచేయవలెను. 2010 అక్టోబరులో హంగరీ దేశమున ఐకా పట్టణము కడ అట్టి కట్ట తెగి పదిమంది మరణించిరి. సమీపమున పారు మార్సల్ నదిలో జీవమన్నది మిగులలేదు. ఒక్క మధ్యాహ్నపు పని!

ఇంతవరకు చదివినవారు ఈ వ్యాసకర్త గనులు వలదనువాడని తలపవచ్చును. అంత తేలికగా చెప్పుటకు నాకు నోరాడుట లేదు. మన దేవాలయముల అన్నదానపు వంటశాలలను చూడుడు. ఇత్తడి గుండిగలు పోయి సత్తు గుండిగలు వచ్చి చాలకాలమైనది. ఇంటికి కరెంటు తెచ్చు తీగ అల్యూమినియము. కిటికీ చట్రము అల్యూమినియము. రోగి మింగు మాత్రల పైరేకు అల్యూమినియము. తుమ్మపాల చక్కెర కర్మాగారము మూతపడినది. బెల్లపు మార్కెటును నమ్ముకొన్న రైతు కొడుకులు చదువులు చదివి పనికై పరవూళ్లు పోవుచున్నారు. మాకవరపాలెము కడ నిర్మించిన అల్యూమినా కర్మాగారము ఖనిజము రాక ఏళ్ల తరబడి నిలిచియుండెను. దాని గోడలను చూచుచు, "ఇది నడిచిన మా వాడికి ఉద్యోగము వచ్చియుండును" అని నిట్టూర్చిన తండ్రిని ఏ ధర్మశాస్త్రము చూపి మందలింతుము? కొండమీది గూడెములలోను ఆస్పత్రికి డోలీలో మోసికొనిపోవలసిన దుస్థితి ఉన్నది. రోడ్డు వచ్చునన్న మాట వారికి చేదు కాదు.

ఈ చిక్కు పెద్దలెరుగనిది కాదు. భారతమున అరణ్యపర్వములోని శిబి కథ సరిగా ఇదియే. పావురము శరణు జొచ్చినది. వెంట వచ్చిన డేగ దుర్మార్గపు మాటలు పలుకలేదు, న్యాయమే పలికెను. ఇది దైవము నాకిచ్చిన ఆహారము, నేను ఆకలితో చచ్చినచో నా ఆలుబిడ్డలు చత్తురు, ఒక ప్రాణమును కాపాడి పెక్కు ప్రాణములు తీయుట ఏమి ధర్మమని అడిగెను. చిన్ననాడు ఈ కథ విన్నప్పుడు డేగపై కోపము వచ్చెడిది. వయస్సు పైబడిన కొలది దాని మాటలోని బరువు తెలియుచున్నది. అభివృద్ధి కావలెననువాని మాటయు డేగ మాట వంటిదే. అది కేవలము అత్యాశ కాదు, ఆకలియు కలదు.

రాజు మొదట ఏమి చేసెను? పావురమునకు బదులు వేరు జంతువుల మాంసము ఇచ్చెదననెను. డేగ ఒప్పుకొనలేదు. పావురమునకు సరితూగు నీ మాంసము కోసి ఇమ్మనెను. కథలోని కీలకమంతయు ఈ తిరస్కారమున ఉన్నదని నా యభిప్రాయము. ఒక ప్రాణిని కాపాడుటకై ఊరకున్న మూడవ ప్రాణిని త్రాసులో వేయుట ఎంత సులభము! రాజుకు ఏ గోవును, ఏ లేడియు ఎదురు చెప్పలేదు. డేగ ఆ దారి మూసివేసిన తరువాతనే ఆ తూకము ధర్మపు తూకమైనది. కోసి వేసిన కొలది పావురము బరువెక్కుచుండుటయు గమనింపదగినది. శరణాగతుని బరువు ఎంతయో తూచువాడు ముందుగా నిర్ణయింపలేడు.

మన కాలపు తూకములను ఈ కథ ప్రక్కన పెట్టి చూతము. లాభనష్టముల పట్టికలు వ్రాయువారు నగరముననుందురు. లోహము వాడువారు మైదానముననుందురు. త్రాసులో కోసి వేయునది మాత్రము గూడెపువాని ఊట, గెడ్డలోని చేప, దిగువ పల్లెకారుని వల. వేరు జంతువు మాంసము ఇచ్చెదనన్న రాజు మొదటి మాట దగ్గరనే మనము ఆగిపోయితిమి. ఇన్ని కోట్ల లాభమునకు ఇన్ని గెడ్డలు నష్టమని లెక్క సరిపోవచ్చును. లెక్క తప్పనుట కాదు నా వాదము. త్రాసు పట్టిన చేయి ఒకరిది, తెగిన మాంసము వేరొకరిది అగుటయే దోషము.

కొన్ని తీర్పులు ఈ దోషమును కొంత సరిదిద్దినవి. బొర్రా గుహల ప్రాంతపు గనులను గూర్చి సమత అను సంస్థ పోరాడగా, 1997 జూలై 11న సుప్రీంకోర్టు, షెడ్యూల్డు ప్రాంతములలో గిరిజనేతరులకు గనుల కౌళ్లు చెల్లవని చెప్పినది. ప్రభుత్వ సంస్థయో గిరిజనుల సహకార సంఘమో గని నడుపుచో నికరలాభములో కనీసము 20 శాతము ఆ ప్రాంతపు మేలుకై వేరుగా ఉంచవలెనన్నది. 2015 నవంబరు 5న జెర్రెల కొండలలో 1,212 హెక్టారుల అటవీభూమిని గనులకు కేటాయించుచు వెలువడిన 97వ నంబరు ఉత్తర్వు మన్యమంతట అలజడి లేపి, 2019లో రద్దయినది. అంతకు పూర్వమే ఒరిస్సాలోని నియమగిరి సంగతి జరిగెను. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు, ఆ కొండ దేవతను కొలుచు హక్కు డోంగ్రియా కోందులకు కలదనియు, గని విషయము గ్రామసభలే తేల్చవలెననియు చెప్పగా, పండ్రెండు గ్రామసభలును వలదనినవి. నియమగిరి ప్రాంతపు నీరు వంశధారయై శ్రీముఖలింగేశ్వరుని పాదములచెంతకు వచ్చును. అక్కడ స్నానమాడు మన భక్తులలో ఎందరు ఆ పండ్రెండు గూడెములను తలచుకొందురో!

లోకమున అన్యత్ర ఇట్టి తూకమే జరిగినది. అమెరికాలోని అలాస్కా రాష్ట్రమున బ్రిస్టల్ అఖాతము కలదు. అచ్చటి నదులలో పుట్టిన సాల్మను చేప సముద్రమునకు పోయి, ఏండ్ల తరువాత తాను పుట్టిన ఏటినే వెదకికొని ఎగువకు వచ్చి, గ్రుడ్లు పెట్టి మరణించును. దాని కళేబరమే ఏటికిని, అడవికిని ఎరువు. 2022లో ఆ అఖాతమునకు తిరిగివచ్చిన చేపలు సుమారు 7 కోట్ల 90 లక్షలని లెక్క. ఆ నదుల తలాపున రాగి, బంగారము గల పెద్ద ఖనిజరాశి ఉన్నది. 2023 జనవరిలో ఆ దేశపు పర్యావరణ పరిరక్షణ సంస్థ ఆ గని వ్యర్థములను అచ్చటి జలములలో వేయరాదని నిషేధించెను. అచ్చటి ఆదివాసులు వేల ఏండ్లుగా ఆ చేపనే నమ్ముకొని జీవించుచున్నారు. వారిని ముందుగా అడిగించుకొనుటకు రెండు దశాబ్దముల శ్రమ పట్టెను.

మనకును సాల్మనువంటి చేప కలదు. సముద్రమున విలసయని, వరదకాలమున గోదావరి ఎర్రనీటికి ఎదురీది వచ్చినప్పుడు పులసయని దానికి పేరు. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన తరువాత దాని ఎగువదారి మూసికొనిపోయినది. కాటను దొరను నేను నిందింపను. ఆ నీటితో ఎన్ని లక్షల కడుపులు నిండెనో గోదావరి జిల్లాలవారిని అడుగుడు. 1955లో మాచ్‌ఖండ్ విద్యుత్తు వచ్చినప్పుడు మన ఇండ్లలో దీపములు వెలిగినవి. కొండలలో కొన్ని గూడెములు నీట మునిగినవి. ప్రతి మేలును ఎవరిదో ఒకరి నష్టముతోడనే వచ్చుననుట నిజమే కావచ్చును. కాని ఆనకట్ట నీటిని దారి మళ్లించును గాని నీటిబుగ్గను త్రవ్వివేయదు. తలను ఒలిచిన కొండకు ఆ తల మరల మొలవదు. ఈ భేదమును పాటింపక అన్నిటికిని అభివృద్ధి యను ఒకే పేరు పెట్టుట మాటల మోసము.

అట్లయిన డేగ ఆకలి మాట ఏమి? దానికి మన మాంసము ఎంత కోయగలమో చూడవలెను. పాత సత్తు గిన్నెను కరగించి మరల పోతపోయుటకు, ఖనిజమునుండి క్రొత్త లోహము తీయుటకు పట్టు విద్యుత్తులో ఇరువదవ వంతు చాలును. పారవేయునది తగ్గించుట, అవసరములేని దానిని కొనకుండుట, గని తప్పనిసరియైనచోట అచ్చటివారు వలదన్నచో మానుకొనుట, వారు సమ్మతించినచో లాభములో వారి భాగము ముందు తీసి పెట్టుట - ఇవి మన తొడనుండి కోయవలసిన ముక్కలు. చిన్నవే. అయినను ఎవరును కత్తి తీయుట లేదు.

ఈ మాటలు వ్రాయు అర్హత నాకు ఎంత ఉన్నదో కూడ చెప్పవలెను. కొన్నేండ్ల క్రిందట శివరాత్రికి మత్స్యగుండము పోయి, మరమరాలు, సెనగపప్పు నీటిలో చల్లి, చేపలు గుంపులుగా వచ్చుట చూచి పరవశించితిని. అచ్చట సేవ చేయుచుండిన ఒక ముదుసలి గిరిజనునితో, "ఎంత పుణ్యము చేసికొన్నారయ్యా, ఇన్ని తరములుగా ఒక్క చేపను పట్టకుండ కాపాడుచున్నారు" అంటిని. ఆయన నవ్వి, "మీదే ఊరు బాబూ?" అనెను. అనకాపల్లి అంటిని. "అక్కడ కూడా ఏరుందిగదా. దాన్లో సేపల్ని ఎవులు సూత్తారు బాబూ?" అనెను.

నేను జవాబు చెప్పలేదు. శారదా నదిలో నా బాల్యమున మోకాలిలోతు నీటిలో చేపపిల్లలు పాదములను పొడుచుచుండెడివి. ఇప్పుడు అచ్చట ఇసుక తీసిన గోతులు, గోతులలో నిలిచిన పచ్చని నీరు. బాక్సైటు గని మాట ఎత్తినంతనే వీరావేశముతో మాటలాడు మన పట్టణపు పెద్దలము, కాళ్ల క్రింది ఈ గనిని గనియని పిలుచుట లేదు. మా ఇంటి గోడలలోనిది ఆ యిసుకయే. ఎడ్లబండికింత యని బేరమాడి తెప్పించినవాడను నేనే. ఏటి ఇసుక తగ్గినచో ఒడ్డు బావులలో నీరు దిగజారునని, చేప గ్రుడ్లు పెట్టు చోటు పోవునని, దిగువన రాంబిల్లి, పూడిమడక పల్లెకారుల సముద్రపు మొగకడ చేరు మంచినీరు తగ్గునని నాడు నేను ఆలోచింపలేదు. ఎవరైన చెప్పియున్నను ఇల్లు ఆపి యుందునా యనునది సందేహమే.

ఆ శివరాత్రికి పోవునాటికి మా మేడపై మరియొక గది వేయించవలెనని నిశ్చయించి, ఇసుకకు బయానా కూడ ఇచ్చియుంటిని. తిరిగి వచ్చిన తరువాత దానిని వదలుకొంటిని. ఆ గది ఇంకను వేయించలేదు. మనుమలు వచ్చినప్పుడు చోటు చాలుట లేదని ఇంటివారు అడుగుచునే యున్నారు.